హంపి బజార్ ఖాళీ అయింది.. మరి బజార్ ఎక్కడికి పోయింది?

హంపి అనగానే మనకి రాతి రథం, యాభై రూపాయల నోటు గుర్తొస్తాయి. ఈరోజు మాత్రం ఆ రాళ్ల మధ్య కాపురాలు చేసిన మనుషుల గురించి మాట్లాడుకుందాం.

విరూపాక్ష గుడి ముందు నిలబడి తూర్పు వైపు చూస్తే, దాదాపు ముప్పావు కిలోమీటరు పొడవున ఒక వీధి ఉంటుంది. రెండు పక్కలా రాతి మంటపాల వరసలు. అదే హంపి బజార్. 1520 ప్రాంతంలో, శ్రీకృష్ణదేవరాయల కాలంలో, డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు వచ్చాడు. ఆ గుడి వీధిలో అందమైన ఇళ్లు, యాత్రికులు దిగడానికి వసారాలు ఉన్నాయని రాశాడు. అంటే ఆ వీధి కట్టిందే మనుషులు ఉండడానికి. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

1565 తళ్లికోట యుద్ధం తర్వాత నగరం పాడుబడింది. విరూపాక్షుడి పూజ మాత్రం ఆగలేదు. గుడి ఉంటే భక్తులొస్తారు, భక్తులొస్తే అంగళ్లొస్తాయి. కాలం గడిచేకొద్దీ జనం ఖాళీ మంటపాల్లో గోడలు లేపుకుని కాపురం పెట్టారు. టూరిస్టులు పెరిగాక హోటళ్లు, అద్దె గదులు, బట్టల షాపులు వచ్చాయి.

1986లో యునెస్కో హంపిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తుంగభద్ర మీద కడుతున్న వంతెనల వల్ల 1999లో 'ప్రమాదంలో ఉన్నవి' లిస్టులో పెట్టి, 2006లో తీసేసింది. మధ్యలో, 2002లో, కర్ణాటక ప్రభుత్వం హంపి కోసమే ప్రత్యేక చట్టం చేసి ఒక అథారిటీ పెట్టింది.

2011 జులై చివర్లో బుల్డోజర్లు వచ్చాయి. బజార్‌లో ఉంటున్న 300కి పైగా కుటుంబాలు ఖాళీ చేయాల్సి వచ్చింది. కొన్ని కిలోమీటర్ల దూరంలో, కడ్డిరాంపుర దగ్గర వాళ్లకి స్థలాలు చూపించారు. కానీ గుడి ముందు ఇడ్లీలు అమ్ముకునే మనిషికి ఊరి బయట స్థలం ఇస్తే, ఇల్లు వస్తుందేమో గానీ గిరాకీ రాదు కదా!

అధికారుల వైపు కూడా న్యాయం ఉంది. 500 ఏళ్ల నాటి స్తంభాలకి సిమెంట్ గోడలు అతికిస్తే, మంటపాల మీద కొత్త గదులు లేపితే రాయి దెబ్బతింటుంది. ఆ నిర్మాణాలకి అనుమతులూ లేవు. కాబట్టి ఆపాల్సిందే. నా ప్రశ్న వేరే. సిమెంట్ తీసేయడానికి మనుషుల్ని కూడా తీసేయాలా? రాయికి హాని చేయని అంగళ్లని అక్కడే, రూల్స్ పెట్టి ఉంచితే? బజార్‌ని కాపాడదామని బజార్‌నే ఖాళీ చేస్తే, మిగిలేది ఒక సెట్టింగ్ మాత్రమే.

ఇది పక్క రాష్ట్రం గొడవే అనుకోకండి. 2010లో సవరించిన కేంద్ర చట్టం ప్రకారం, కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం. ఆ తర్వాత 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. పాత ఇంటి రిపేరుకి కూడా పర్మిషన్ కావాలి. వరంగల్ కోట లోపల ఇప్పటికీ జనం ఉంటున్నారు. కొడుక్కి పెళ్లయింది, పైన ఒక గది వేద్దామంటే అక్కడ అదే పెద్ద సమస్య.

2021లో మన రామప్పకి కూడా యునెస్కో గుర్తింపు వచ్చింది. అందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. గుడి ఉన్న పాలంపేట వాళ్లని ఇప్పుడే కూర్చోబెట్టి, ప్లాన్‌లో వాళ్ల ఇళ్లనీ బతుకుతెరువునీ రాస్తే, హంపిలో జరిగింది ఇక్కడ జరగదు. బుల్డోజర్ వచ్చాక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.