వెండి కొండ నీడలో

1588లో ఆర్మడా ఓడింది, స్పెయిన్ పని అయిపోయింది. బడిలో నేను చదువుకున్న చరిత్ర అంతే. రెండు ముక్కల్లో ఒక సామ్రాజ్యం ముగిసిపోయింది. చాలాకాలం నేనూ అదే నమ్మాను. పెద్దయ్యాక మళ్ళీ చదివితే తెలిసింది, ఆ నౌకాదళాన్ని స్పెయిన్ కొన్నేళ్ళలోనే తిరిగి నిలబెట్టుకుందని. రోగం సముద్రంలో లేదు, ఇంట్లోనే ఉంది.

1545లో, నేటి బొలీవియాలోని పొటోసీ కొండలో వెండి బయటపడింది. ఆ వెండి సెవిల్ రేవులో దిగీదిగకముందే యుద్ధాలకోసం చేసిన అప్పుల కింద జెనోవా వడ్డీవ్యాపారుల పద్దుకు చేరేది. అంత వెండి వస్తున్నా రెండవ ఫిలిప్ 1557, 1575, 1596లలో అప్పులు తీర్చలేక చేతులెత్తేశాడు. ధరలు పెరిగాయి. స్వదేశీ నేత విదేశీ సరుకు ముందు నిలవలేకపోయింది. డబ్బున్నవాడు మగ్గాన్నీ పొలాన్నీ వదిలి, ప్రభుత్వ ఋణపత్రాలు కొని వడ్డీ తింటూ కూర్చున్నాడు. చేతిపని కులీనులకు నామోషీ. మింగ మెతుకు లేకున్నా మీసాలకు సంపెంగ నూనె కావాలనే పెద్దమనుషులు మన దగ్గరే కాదు, కాస్తీల్‌లోనూ ఉన్నారన్నమాట!

దేశ సంపద వెండిలో కాదు, ఉత్పత్తిలో ఉందని 1600లోనే సెల్యోరిగో అనే న్యాయవాది రాజుకు విన్నవించాడు. ఫలితం? 1609-1614 మధ్య మొరిస్కోలను, సుమారు మూడు లక్షలమందిని, దేశంనుంచి వెళ్ళగొట్టారు. వెలెన్సియాలో పొలాలు బీళ్ళయ్యాయి.

ఆపై 1640లో పోర్చుగల్ తిరగబడింది. 1648లో డచ్చివారి స్వాతంత్ర్యాన్ని ఒప్పుకోక తప్పలేదు. 1713లో జిబ్రాల్టర్ పోయింది. 1824లో అయకూచో యుద్ధంతో దక్షిణ అమెరికా చేజారింది. చివరికి 1898లో క్యూబా, ప్యూర్టోరికో, ఫిలిప్పీన్స్ పోయాయి. మూడు వందల ఏళ్ళ నెమ్మది మరణం.

అయితే నన్ను ఆలోచనలో పడేసింది మరొకటి. 1571లో లెపాంటో యుద్ధంలో ఎడమచేతి పట్టు పోగొట్టుకుని, ఆర్మడాకు ధాన్యం సేకరించే కొలువు చేసి, 1597లో చెరసాల పాలైన సెర్వాంతెస్ తన 'డాన్ కిహోటె'ను 1605లో వెలువరించాడు. వెలాస్కెస్ 'లాస్ మెనినాస్' చిత్రించింది 1656లో. రెండూ దేశం దిగజారుతున్న కాలపు పంటలే.

రాజ్యం చిక్కిపోవడమూ జాతి చిక్కిపోవడమూ ఒకటి కావని నాకిప్పుడు అనిపిస్తోంది. ఆ సామ్రాజ్యం పోయినందుకు జాలిపడలేను. వెట్టిచాకిరీకి పొటోసీ గనుల్లోకి దిగి తిరిగిరాని ఆండీస్ జనాన్ని తలచుకుంటే మాత్రం మనసు బరువెక్కుతుంది. ఆ వెండి ధర మొదట చెల్లించింది వారే కదా!