కుప్ప కాపలా

చేబ్రోలు రాళ్లు చదివితే ఎవరి ఇళ్లు శాసనాలకెక్కాయో ఇట్టే తెలుస్తుంది. కాకతి గణపతిదేవుడి ఏనుగుల సేనాని జాయప వేయించిన శాసనంలో, గుడిసానులకు కట్టించిన రెండంతస్తుల ఇళ్ల మాట ఉంది. మరి ఆ మేడలకు బియ్యం పంపిన చేలగట్టున కాపలాపాక ఉండదూ? దాని ఊసు ఏ రాయీ ఎత్తదు.

ఈ ఊళ్లోనే మా పిన్నిగారి చేలో, వరికుప్ప పక్కన వేసిన పాకలో సంక్రాంతి ముందు రెండు రాత్రులు పడుకున్నాను. తాటాకు కప్పు, నులకమంచం, మంచు. తోడు పిన్నిగారి కుక్క. అది చెవులు నిక్కించి లేస్తే నా గుండె ఝల్లుమనేది. ముడుచుకుని పడుకుంటే నాకూ కన్నంటుకునేది. ధర్మరాజు కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడని పురాణంలో విని కళ్లొత్తుకుంటాం గానీ, ఇంటికొచ్చి దాన్ని చీపురుతో తరిమేదీ మనమే!

కాశ్మీరంలో బుర్జహోమ్ అనే చోట 1960లలో తవ్వకాలు జరిగాయి. నాలుగువేల ఏళ్లకు పైగా కిందట అక్కడ గోతులు తవ్వి, పైన కప్పు వేసుకుని కాపురాలు చేశారు. శాసనం వేయించడానికి వాళ్లకి అక్షరాలే లేవు. ఆ సమాధుల్లో మనిషి పక్కనే కుక్క ఎముకలూ దొరికాయి.