కడప బండలో తిమింగలం ఎందుకు లేదు?

మిట్టమధ్యాహ్నం ప్రొద్దుటూరులో పాత ఇంటి గడప దాటితే అరికాళ్లకు చల్లగా తగిలేది నాపరాయి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల గనుల్లోంచి వచ్చే ఆ నల్లబండ ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. మరి అంత సముద్రంలో తిమింగలాల ఎముకలేవి?

లేవు. తిమింగలం నిన్నమొన్నటి జీవి. దాని పూర్వీకుల్లో మనకు తెలిసిన పాతవాటిలో ఒకటి పాకిసెటస్. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట నాలుగు కాళ్లతో నడిచింది. దాని ఎముకలు పాకిస్తాన్‌లో దొరికితే 1981లో పేరు పెట్టారు. ఆ తరువాతి తరాలవి మన కచ్‌లో దొరికాయి.

ఈ కథలో ఒక ముఖ్యమైన ముడి విప్పింది జమ్మూలోని కాలాకోట్ రాయి. భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు అక్కడ రాళ్లు ఏరి తెచ్చి, 1971లో ఇండోహయస్ అనే జంతువును లోకానికి తెలిపారు. పిల్లికంటే కాస్త పెద్దది, చూడ్డానికి చిన్న జింకలా ఉండేది. ఆయన పోయాక, ఇంట్లో మిగిలిన రాళ్లను భార్య అమెరికా శాస్త్రవేత్త హాన్స్ తెవిసెన్‌కు అప్పగించారు. రాయిని తొలుస్తుండగా పొరపాటున ఒక పుర్రెలో చెవి ఎముక విరిగింది. లోపలి అంచు తిమింగలానికి ఉన్నట్టే మందంగా ఉంది! ఇండోహయస్ తిమింగలానికి దగ్గరి చుట్టమని 2007లో ప్రకటించారు.

ఇక మన రాళ్లకొస్తే లెక్కే వేరు. కడప, కర్నూలు శిలల మీద విలియం కింగ్ 1872లోనే పెద్ద గ్రంథం రాశారు. పులివెందుల దగ్గర పొరల మధ్యకు చొరబడి గడ్డకట్టిన శిలాద్రవం వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని తరువాత తేలింది. దాని కింద ఉన్న వేంపల్లె శిలలు ఇంకా పాతవి. అంటే వాటి వయసు తొలి తిమింగలం వయసుకు దాదాపు నలభై రెట్లు! అప్పటికి ఎముకన్నదే పుట్టలేదు; వాటికన్నా తరువాతిదైన మన నాపరాయి కాలానికీ అంతే.

అయినా ఆ పాత రాయి ఉత్తది కాదు. వేంపల్లె రాయిని అడ్డంగా కోస్తే ఉల్లిగడ్డ కోసినట్టు గుండ్రటి పొరలు కనిపిస్తాయి. అవి స్ట్రోమటోలైట్లు. లోతులేని నీళ్లలో నాచులా పరుచుకున్న సూక్ష్మజీవులు మట్టిని పట్టుకుని, దానిమీద మళ్లీ ఎదిగి, పొరమీద పొర కట్టిన ఇళ్లు. గాలిలోకి మొదట ఆక్సిజన్ వదిలింది ఆ జాతే. తుమ్మలపల్లెలో యురేనియం తీస్తున్నదీ, పులివెందుల రాతినార (ఆస్బెస్టాస్) దొరికిందీ ఈ శిలల్లోనే.

రంగారావు ఇంట్లో ఏళ్లతరబడి పడి ఉన్న రాయి చివరికి నోరు విప్పింది. మన చేలగట్టు మీదా, గోడకు తెచ్చిన కుప్పలోనూ ఉల్లిపొరల గుర్తున్న రాయి కనిపిస్తే సుత్తి ఆపండి. పక్కన పెట్టి ఊరి బడికివ్వండి.