ఓక్ చెట్ల సందులోంచి

టీ దగ్గర, అంటే మొదటి విసురు వేసే చోట, నిలబడ్డావు. పొద్దున ఎనిమిది కాలేదు. శాన్ గేబ్రియల్ కొండల నెత్తిన ఎండ పడింది గానీ ఇక్కడ చెట్ల కింద ఇంకా చలిగానే ఉంది. నీ చేతిలో డిస్క్. పిల్లలు బీచ్‌లో ఆడే ఫ్రిస్బీ కన్నా చిన్నది, కనిపించేదానికన్నా బరువైనది. అంచు పలచబడి ఉంటుంది, గాలిని కోసుకుంటూ పోవడానికి. ఎదురుగా, రెండు మానుల నడుమ, ఇనుప బాస్కెట్ ఒకటి సగం కనిపిస్తోంది. దాని పైన గొలుసులు వేలాడుతున్నాయి. వీలైనన్ని తక్కువ విసుర్లలో డిస్క్ ఆ బాస్కెట్లో పడాలి. డిస్క్ గోల్ఫ్ ఆటంతా ఇంతే. ఒక్కో టీ నుంచి దాని బాస్కెట్ దాకా ఒక హోల్.

"బలం వద్దు బావా" అంటాడు నిన్ను ఇక్కడికి లాక్కొచ్చిన బావ. నువ్వు వినవు. మొదటిసారి ఎవరూ వినరు.

డిస్క్ చెయ్యి దాటిన క్షణంలో అబ్బో అనిపిస్తుంది. మరుక్షణం ఠప్పున చప్పుడు. పది బారల దూరంలో ఉన్న ఓక్ మానుకి తగిలి, పక్కకి దొర్లి, ఎండుటాకుల్లో బోర్లా పడుతుంది. బావ నవ్వు ఆపుకోడు. ఈ ఆటగాళ్ళలో ఒక పాత జోకుంది: చెట్టంటే తొంభై పాళ్ళు గాలేనట. మిగతా పది పాళ్ళు ఎక్కడుంటాయో కొత్తవాళ్ళ డిస్కులకి బాగా తెలుసు.

నడు. డిస్క్ ఎక్కడ పడితే అక్కడినుంచే మళ్ళీ విసరాలి. ఈ చెట్లు ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి, అయినా కింద ఎప్పుడూ ఆకు ఉంటుంది. అంచుల్లో ముళ్ళున్న చిన్న ఆకులు, బూటు కింద కరకరమంటాయి. డిస్క్ పొదలోకి దూరితే మాత్రం చెయ్యి పెట్టేముందు చూసుకో. మూడేసి ఆకులుగా అల్లుకున్న మొక్క పాయిజన్ ఓక్ కావచ్చు, తగిలితే రోజుల తరబడి దురద. కాలిఫోర్నియా కొండవాగుల పక్కన రాటిల్ పాముల సంగతి కూడా గుర్తుండాలి. భయపెట్టడానికి కాదు, కర్రతో కదిపి తీసుకోవడానికి.

నువ్వున్న చోటు లాస్ ఏంజిలెస్ పక్కన లా కెన్యాడా ఫ్లింట్‌రిడ్జ్ అంచున ఉన్న ఓక్ గ్రోవ్. ఇప్పుడు హహమోంగ్నా పార్కులో భాగం. ప్రపంచంలో మొట్టమొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ కోర్సు ఇదే, 1975లో వేశారు. వేసినవాడు ఎడ్ హెడ్రిక్, ఫ్రిస్బీలు అమ్మే వామ్-ఓ కంపెనీ మనిషి. ఫ్రిస్బీ తిన్నగా ఎగిరేలా దాని రూపం సరిదిద్ది 1967లో పేటెంటు పొందినవాడూ ఆయనే. మొదట్లో ఇక్కడ బాస్కెట్లు లేవు, గురిపెట్టడానికి గుంజలే. డిస్క్ గుంజకి తగిలిందని ఒకడు, తగల్లేదని ఇంకొకడు. ఆ తగవు తీర్చడానికే గొలుసుల బాస్కెట్ పుట్టింది. దానికి పేటెంటు వచ్చింది 1977 ఆగస్టులో. అదే నెలలో, ఈ పార్కుని ఆనుకుని ఉన్న జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో తయారైన వాయేజర్ 2 వ్యోమనౌక ఫ్లోరిడా నుంచి ఎగిరింది. ఒకే వీధి వాళ్ళ రెండు విసుర్లు. ఒకటి ఇంకా నేల మీద వాలలేదు.

మూడో హోల్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నొప్పెడుతుంది. వెనకనుంచి ఒక పెద్దాయన ఒంటరిగా ఆడుకుంటూ వస్తాడు, భుజాన నిండా డిస్కులున్న సంచీ. పక్కకి జరిగి దారివ్వండి, గుంపుని దాటి ముందుకెళ్ళనివ్వడం ఇక్కడి మర్యాద. ఆయన పరుగెత్తడు, చెయ్యి ఊపడు. ఒక్క అడుగు వేసి, నడుం తిప్పి, వదిలేస్తాడు. డిస్క్ కొమ్మల కింద నేలబారుగా పోయి, చివర్లో కాస్త ఎడమకి వంగి, బాస్కెట్ ముందు వాలుతుంది. ఆయన నీ చేతిలోని పదునంచు డ్రైవర్ వైపు చూసి, తన సంచీలోంచి మొద్దంచు పట్టర్ తీసి చూపించి, కనుబొమ్మలెగరేసి వెళ్ళిపోతాడు. పాఠం అయిపోయింది.

సంగతేమిటంటే, డ్రైవర్‌కి వేగం కావాలి. అనుభవంలేని చెయ్యి ఆ వేగం ఇవ్వలేదు. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరితే దాదాపు ఏ డిస్కయినా జోరు తగ్గాక ఎడమకే ఒరుగుతుంది. డ్రైవరయితే జోరు అందుకోకముందే ఒరిగిపోతుంది. పట్టర్ అలా కాదు, మెల్లగా విసిరినా తిన్నగా పోతుంది. కొత్తవాళ్ళకి బయలు మైదానమే మంచిదని చాలామంది అంటారు. నేనొప్పుకోను. మైదానంలో దూరం మీద ఆశ పుడుతుంది, ఆశతో భుజం పాడవుతుంది. చెట్లు ఆ ఆశ పుట్టనివ్వవు. ఇక్కడ హోల్స్ చాలావరకు పార్ మూడువే, అంటే మూడు విసుర్లలో ముగించాల్సినవి, దారి ఇరుకు. తిన్నగా పోయినవాడిదే పైచేయి.

పట్టర్ తీసుకున్నావు. ముందంచు పైకి లేవకుండా చూసుకో. లేస్తే డిస్క్ గాల్లో ఆగి, తేలి, ఎటు బుద్ధిపుడితే అటు పోతుంది. అదిగో, లేచింది. డిస్క్ గుర్రాల దారివైపు తేలుతోంది, అక్కడొకామె గుర్రం మీద వస్తోంది. "ఫోర్!" తప్పుకోమని బావతోపాటు నువ్వూ అరుస్తావు. ఆమె తలవంచి, చెయ్యి ఊపి వెళుతుంది. గుర్రం మాత్రం మీ వంక ఒకసారి ఎగాదిగా చూస్తుంది.

మరో టీ. ఈసారి అంచు సమంగా ఉంది. మోచెయ్యి కాదు, నడుం తిరిగింది. వేళ్ళ నుంచి జారిన డిస్క్ మొదటి మాను దాటింది, రెండోది దాటింది, వంగిన కొమ్మ కింద నుంచి దూరి బాస్కెట్ దాకా వెళ్ళి ఆగింది. బావ ఏమీ అనడు. అతనిది ఇంకా చెట్టు వెనకే ఉంది, దూరంగా ఉన్నవాడే ముందు విసరాలి గనక విసిరాడు. అది గొలుసులకి తగిలి బయటికి జారింది. బలంగా కొట్టావు బావా అని నువ్వనే వంతు వచ్చింది.

నీ వంతు. బాస్కెట్‌కి పది మీటర్ల లోపల ఉన్నావు కాబట్టి, విసిరాక నిలదొక్కుకునేదాకా కాలు ముందుకి పడకూడదు. తగిలించడం కాదు, అందించడం అనుకో. ఉయ్యాల గొలుసు ఊగినట్టు గొలుసులు గలగలమని మోగి, డిస్క్ బాస్కెట్లో పడుతుంది. 2002లో పోయాక హెడ్రిక్ చితాభస్మాన్ని ఆయన కోరిక ప్రకారం డిస్కుల్లోనే కలిపి అచ్చు పోశారంటే మొన్నటిదాకా నమ్మేవాడివి కాదు. ఇప్పుడు ఆ చప్పుడు విన్నాక, ఆయన కోరిక అంత వింతగా అనిపించదు.

స్కోరు రాయడం బావ పని. రాస్తూనే తర్వాతి టీ మీదికి కాలు పెడతాడు. గత హోల్‌లో తక్కువ విసుర్లు పడ్డవాడే ముందు ఆడాలని పొద్దున చెప్పింది అతనే.

"ఆగు బావా" అంటావు, పట్టర్ దుమ్ము ప్యాంటుకి తుడుస్తూ. "ముందు నేను."