మాలర్ ‘భూమి గీతం’: 1952 వియన్నా ధ్వనిముద్రణ - చారిత్రక పరిశీలన

1952 మే నెలలో వియన్నాలోని మూజిక్‌ఫెరైన్ మందిరంలో డెక్కా సంస్థ గుస్తావ్ మాలర్ (1860-1911) రచనలను ధ్వనిముద్రణ చేసింది. వాటిలో ప్రధానమైనది ‘దాస్ లీడ్ ఫాన్ డెర్ ఎర్డె’, అంటే ‘భూమి గీతం’. ఇద్దరు గాయకులకు, పూర్తి వాద్యబృందానికి కూర్చిన ఆరు భాగాల సింఫనీ ఇది. దీనితోపాటు ఫ్రీడ్రిష్ ర్యూకెర్ట్ కవితలకు మాలర్ 1901లో బాణీ కట్టిన మూడు పాటలు కూడా ఉన్నాయి. వియన్నా ఫిల్‌హార్మనిక్ బృందాన్ని బ్రూనో వాల్టర్ నిర్దేశించాడు. ఆంగ్ల గాయని కాథ్లీన్ ఫెరియర్, వియన్నాకు చెందిన టెనర్ గాయకుడు యూలియస్ పాట్జాక్ పాడారు. అప్పటికి ఏడాదిగా క్యాన్సర్‌తో బాధపడుతున్న ఫెరియర్ 1953 అక్టోబరు 8న, 41 ఏళ్ల వయసులో మరణించింది. అందువల్ల శ్రోతల జ్ఞాపకంలో ఈ రికార్డు ఆమె వీడ్కోలుగా స్థిరపడింది. ఈ జ్ఞాపకం అసత్యమేమీ కాదు. కానీ దాని వెలుగులో ఈ రికార్డు వెనుక ఉన్న మరో చరిత్ర కనుమరుగైంది.

ఈ రికార్డుకు ప్రామాణికత వాల్టర్ వల్ల వచ్చిందనే భావన బలంగా ఉంది. అందుకు ఆధారాలూ ఉన్నాయి. 1894లో హాంబుర్గ్‌లోనూ, 1901 నుంచి వియన్నా ఒపేరాలోనూ అతడు మాలర్‌కు సహాయకుడు. 1908లో రచించిన ‘భూమి గీతం’ ప్రదర్శన చూడకుండానే మాలర్ 1911 మే 18న మరణించాడు. అదే ఏడాది నవంబరు 20న మ్యూనిక్‌లో దాని తొలి ప్రదర్శనను నిర్దేశించినవాడు వాల్టరే. అంటే ఈ రచనకు కర్త స్వయంగా నిర్ణయించిన ప్రదర్శన పాఠం లేదు. తొలి పాఠమే శిష్యుడిది. సాహిత్య పరిశోధకులకు ఇది పరిచితమైన చిక్కే. కవి స్వహస్త ప్రతి లేనిచోట శిష్యుడి ప్రతిని మూలంగా ఎంతవరకు స్వీకరించాలన్నదే ఇక్కడా ప్రశ్న.

పైగా ఆ శిష్య పరంపర అవిచ్ఛిన్నంగా సాగినది కాదు. వాల్టర్ ఇదే బృందంతో 1936 మే 24న ‘భూమి గీతా’న్ని ప్రదర్శించగా, ప్రేక్షకుల సమక్షంలోనే దానిని ముద్రించారు. 1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను కలుపుకోవడంతో యూదుడైన మాలర్ సంగీతం వియన్నా వేదికల మీద నిషిద్ధమైంది. యూదుడే అయిన వాల్టర్ అంతకుముందు 1933లో జర్మనీని విడిచాడు; ఇప్పుడు వియన్నానూ కోల్పోయాడు. మాలర్‌కు బావమరిది వరుస అయిన ఆర్నోల్డ్ రోజే 1881 నుంచి వియన్నాలో ముఖ్య వయొలిన్ వాద్యకారుడు. అతడు లండన్‌కు వలసపోయి 1946లో అక్కడే మరణించాడు. బృందంలోని ఏడుగురు యూదు వాద్యకారులు శిబిరాల్లోనో, వేధింపుల మధ్య వియన్నాలోనో ప్రాణాలు కోల్పోయారు. 1942 నాటికి 123 మంది సభ్యుల్లో 60 మంది నాజీ పార్టీలో ఉన్నారు. ఈ వివరాలను బృందం ఆహ్వానించిన చరిత్రకారులే 2013లో వెల్లడించారు.

కాబట్టి 1936, 1952 రికార్డుల మీద నిర్దేశకుడి పేరు, బృందం పేరు, మందిరం పేరు ఒక్కటే అయినా, వాయించిన సమాజం ఒకటి కాదు. ‘వియన్నా సంప్రదాయం’ అనే మాటను 1952 రికార్డుకు అన్వయించేటప్పుడు ఈ విచ్ఛేదాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. వాల్టర్ ఫెరియర్‌తో కలిసి ఈ రచనను తొలిసారి వినిపించింది కూడా వియన్నాలో కాదు, 1947లో ఎడిన్‌బరో ఉత్సవంలో. యుద్ధం తరువాత అతడు ఈ బృందాన్ని తిరిగి కలుసుకున్నది అక్కడే.

సాంకేతికత తెచ్చిన మార్పు కూడా చిన్నది కాదు. 1936 నాటి 78 వేగపు రికార్డులో ఒక వైపు నాలుగైదు నిమిషాలే పట్టేది. ‘వీడ్కోలు’ అనే చివరి భాగం దాదాపు అరగంట సాగుతుంది. వినేవారు దానిని ముక్కలుగా, మధ్యమధ్య పళ్లెం తిప్పుకుంటూ వినాల్సి వచ్చేది. లాంగ్ ప్లే రికార్డు వచ్చాక ఆ ధార తెగలేదు. ‘ఎప్పటికీ’ అనే అర్థమిచ్చే మాటను ఫెరియర్ మళ్లీ మళ్లీ పలుకుతూ, స్వరాన్ని వాద్యధ్వనిలో కలిపివేసే తీరు శ్రోతల మనసులో నాటుకోవడానికి ఈ నిరంతరాయత ఒక కారణం. పాట్జాక్ గొంతులో అప్పటికి నిగారింపు తగ్గింది. అయినా ప్రతి పదమూ స్పష్టంగా వినిపిస్తుంది. పదం ముఖ్యమైన ఈ రచనలో అది తక్కువ గుణమేమీ కాదు.

ఆ పదాలు సుదీర్ఘ అనువాద పరంపర గుండా వచ్చాయి. లీ బాయ్, వాంగ్ వెయ్ మొదలైన తాంగ్ యుగపు చైనా కవుల పద్యాలు ఫ్రెంచిలోకి, జర్మన్‌లోకి వెళ్లాయి. వాటి ఆధారంగా హాన్స్ బెత్‌గె 1907లో స్వేచ్ఛానుసరణలు ప్రకటించాడు. మాలర్ వాటినీ మార్చి, ముగింపులో తన సొంత పంక్తులు చేర్చాడు. ర్యూకెర్ట్ సైతం కవి మాత్రమే కాదు, ప్రాచ్యభాషా పండితుడు. మహాభారతంలోని నలోపాఖ్యానాన్ని 1828లోనూ, జయదేవుడి గీతగోవిందాన్ని 1837లోనూ జర్మన్‌లోకి తెచ్చాడు. శ్రీనాథుడి శృంగార నైషధం ద్వారా తెలుగువారికి చేరువైన నలదమయంతుల కథ ఈ పాటల కవికీ పరిచితమే.

సింఫనీకి రెండు పళ్లేల మీద మూడు వైపులు సరిపోగా, నాల్గవ వైపు ర్యూకెర్ట్ పాటలకు దక్కింది. వాటిలో ఒకదాని శీర్షికకు ‘లోకానికి నేను కానరాకుండా పోయాను’ అని భావం. 1938లో ఆ నగరానికి దూరమై, 1946లో అమెరికా పౌరసత్వం స్వీకరించిన వాల్టర్ ఆ పాటను 1952లో అదే నగరంలో, అతిథిగా నిర్దేశించాడు.