చెరకుతోటలు – చలిజ్వరము

మన దేవాలయమున పండుగనాడు పంచుకొను ప్రసాదములలో చెరకు తీపి లేనిది అరుదు. మన పూర్వులను ఈ మారిషస్ ద్వీపమునకు రప్పించినదియు ఆ చెరకే. అయితే ఆ తీపి వెనుక ఒక మహావిపత్తు దాగియున్నది. 1866 మొదలు 1868 వఱకు ఈ దీవిని పీడించిన మలేరియా జ్వరమును గూర్చి మన బిడ్డలు తెలిసికొనవలెనని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1825లో బ్రిటిషు ప్రభుత్వము మారిషస్ పంచదారపై సుంకమును వెస్టిండీసు పంచదారతో సమానము చేసెను. నాటినుండి చెరకుసాగు వేగముగా పెరిగెను. 1835లో బానిసత్వము రద్దయ్యెను. అంతకు ముందటి సంవత్సరము నుండియే ఒప్పందపు కూలీలు భారతదేశమునుండి ఓడలలో రాసాగిరి. గోదావరి సముద్రములో కలియుచోటికి చేరువనున్న కోరంగి రేవు పేరిట తెలుగువారిని ఇచ్చట ‘కోరంగీలు’ అనిరి. చెరకు కొఱకు అడవులు నఱకబడెను. 1864లో రైలుమార్గము తెఱవబడెను. చెట్లు పోయిన నేలపై వాననీరు పల్లములందును, కాలువలందును, మట్టి త్రవ్విన గోతులందును నిలిచెను. దోమకు అంతకంటె కావలసినదేమి?

దీవి జనసంఖ్య అప్పుడు సుమారు మూడు లక్షల ముప్పదివేలు. 1867వ సంవత్సరమున ముప్పదివేలకు పైగా జనులు జ్వరమునకు బలియైరి. పోర్ట్‌లూయీ నగరము మిక్కిలి నష్టపోయెను. కలవారు చల్లని మెట్టప్రాంతములకు, క్యూర్‌పీప్ వైపునకు తరలిపోయిరి. ఒప్పందమునకు కట్టుబడిన కూలీకి ఆ దారి లేదు. క్వినైను దొరకుట దుర్లభమయ్యెను.

నిందయు కూలీలపైననే పడెను. జ్వరమును భారతీయులే తెచ్చిరని పలువురు పలికిరి. ఈ మాటను మనము నిష్పక్షపాతముగా విచారింపవలెను. జ్వరబీజము రోగుల రక్తములో ఓడలెక్కి వచ్చియుండవచ్చును, దానిని కాదనలేము. కాని ముప్పది సంవత్సరములు అట్టి ఓడలు వచ్చుచునేయున్నను ఇచ్చట మలేరియా వ్యాపింపలేదు. దానిని మోయు అనాఫిలిస్ దోమ ఆ దశాబ్దమందే ఓడలద్వారా ప్రవేశించియుండవలెనని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. రోగి, దోమ, నిలువనీరు – మూడును కలిసిననే వ్యాధి ప్రబలును. మూడవదానిని విస్తరింపజేసినది సాగుపద్ధతియే గాని కూలివాడు గాడు.

ఈ రహస్యము బయలుపడినది మన తెలుగుగడ్డపైననే యగుట విశేషము. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. పదియేండ్లకు, 1907 నవంబరులో, ఆయన మారిషస్ వచ్చి మూడుమాసములు దీవిని పరిశీలించెను. పిల్లల పొట్ట తడవి ప్లీహము పెరిగినదా, అనగా మనవారు చెప్పు ‘బల్ల’ ఉన్నదా అని చూచి, ఏ యూరిలో జ్వరమెంతయో లెక్కగట్టెను. మురుగునీరు పారుటకు కాలువలు త్రవ్వుడనియు, వాగులలోని తుక్కు తీయుడనియు, క్వినైను పంచుడనియు సలహా యొసగెను.

1940వ దశకము చివరనుండి డి.డి.టి. చల్లుటతో జ్వరము అణగెను. 1973లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ దీవిని మలేరియా లేనిదిగా ప్రకటించెను. అయినను 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ తుపాను ఇండ్లను కూల్చి, నీటిని నిలిపిన పిదప, జ్వరము మరల తలయెత్తెను. దానిని తిరిగి అణచుటకు ఇరువది యేండ్లకు పైగా పట్టెను. 2006లో చికున్‌గున్యా మఱియొక దోమపై నెక్కి వచ్చెను.

నేల మనకు అన్నము పెట్టును. దాని నీటిదారి మఱచినచో రోగమును పెట్టును. 1867లో గతించిన మనవారిలో పెక్కుమంది పేర్లు మనకు తెలియవు. దీపము వెలిగించునపుడు వారిని ఒక్క క్షణము తలంచుకొందము. పిమ్మట ఆలయపు పెరటిలో, మన ముంగిళ్లలో నిలిచిన నీటిని పారబోయుదము. రెండును పితృకార్యములే యని మా మనవి.