చీరల్ని కాపాడింది పెట్టె కాదు

చీరలు దాచుకోవడం గురించి మనవాళ్లు చెప్పే కథలు రెండే. మొదటిది ప్రగతి కథ: చిలకకొయ్య పోయి భోషాణం, అది పోయి రేకుపెట్టె, చివరికి ఇనుప బీరువా వచ్చాయి, మెట్టుమెట్టుకీ బట్టకు భద్రత పెరిగింది. రెండోది దీనికి పూర్తిగా ఎదురు: అమ్మమ్మల పెట్టెల్లో వేపాకుల మధ్య పట్టుచీరలు తరాలపాటు నిలిచాయి, బీరువాలు తెచ్చుకుని మనమే పాడుచేసుకున్నాం. రెండు కథలూ పెట్టె చుట్టూనే తిరుగుతాయి. ఆ పెట్టెను ఎవరు, ఎంత తరచుగా తెరిచేవారన్నది రెండింటికీ పట్టలేదు. నాకు అసలు విషయం అక్కడే ఉందనిపిస్తుంది.

పాత దశల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సామాన్యుల ఇళ్లలో ఒంటిమీద ఒకటి, దండెం మీద ఒకటి. దాచుకునేంత బట్ట ఉంటే కదా. మడి పాటించే ఇళ్లలో ఉతికిన చీరను ఎవరి చెయ్యీ తగలకుండా కర్రతో ఎత్తైన దండేనికెక్కించేవారు. నూలుతో పోలిస్తే పట్టుకు మైల అంటదన్న నమ్మకం ఉండేది కనుక, పట్టుచీర వంటింట్లోనూ పూజగదిలోనూ తరచూ వాడకంలోనే ఉండేది. కలిగినవారికి భోషాణాలు, ప్రయాణాలకు కావిడిపెట్టెలు ఉండేవి. రైళ్లు వచ్చాక రేకుపెట్టె చవకైంది. కాపురానికి వెళ్లే పిల్ల వెంట పుట్టింటి నుంచి వెళ్లే సామానులో చేరింది.

చర్చంతా బీరువా దగ్గరే. గోద్రెజ్ సంస్థ 1897లో తాళాలతో మొదలై, తర్వాత ఇనప్పెట్టెలు చేసి, 1923లో ఉక్కు బీరువాలకు వచ్చింది. ఈ వరసను గమనించాలి. బీరువా పుట్టింది తాళం వంశంలో. దొంగ నుంచి, నిప్పు నుంచి సొమ్మును కాపాడే ఆలోచనలోంచి. లోపల లాకరు, గట్టి పిడి అన్నీ అందుకు తగ్గట్టే ఉన్నాయి. బట్టకు ఏం కావాలన్న ప్రశ్న ఆ నమూనాలో నాకు కనిపించదు. స్వాతంత్ర్యం తర్వాతి దశాబ్దాల్లో అది మన మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చి, సారెలో మంచం పక్కన నిలబడింది. నగలు, పొలం కాగితాలు, పట్టుచీరలు ఒకే తాళంచెవి కిందికి చేరాయి. తీయాలంటే తాళాల గుత్తి ఎవరి బొడ్లో ఉందో వారిని అడగాలి. తెరవడం అరుదైంది.

రేకుపెట్టెకు పైనుంచి మూత. అడుగున ఉన్న చీర కావాలంటే పైవన్నీ బయటికి రావాల్సిందే. అది చిరాకైన పనే. కానీ ఆ చిరాకు వల్లనే ప్రతి చీరా కదిలేది, గాలి తగిలేది, మళ్లీ పెట్టేటప్పుడు మడత మారేది. బీరువా అరలో పైదో ముందుదో లాగితే సరిపోతుంది. వెనక వరసలో అడుగునున్న ధర్మవరం చీర ఏళ్లతరబడి అలాగే పడి ఉంటుంది.

కదలకపోవడమే పట్టుకు పెద్ద ముప్పు. చిమ్మెట పిల్లపురుగుకి చీకటి కావాలి, ఎవరూ కదపని చోటు కావాలి. గంజి రుచి మరిగే వెండిరంగు పురుగుదీ అదే స్వభావం. జరీ సంగతి మరీ సున్నితం: దారం మీద చుట్టిన సన్నని లోహం ఒకే మడత దగ్గర ఏళ్లపాటు వంగి ఉంటే అక్కడే విరుగుతుంది. వెండి జరీ గాలిలోని గంధకం తగిలి నల్లబడుతుంది. వీటిలో దేన్నీ తాళం ఆపలేదు. కోస్తాలో వానాకాలపు చెమ్మ మూసిన బీరువాలో చేరిందంటే తేలిగ్గా బయటికి పోదు. రంగు లేచిన చోట తుప్పు మరక చీరకంటితే వదలదు.

మన పంచాంగాన్నీ ఈ లెక్కలోకి తీసుకోవాలి. సంక్రాంతి, ఉగాది, వైశాఖపు పెళ్లిళ్లు, శ్రావణ శుక్రవారాలు, దసరా, కార్తికం: పట్టుచీర రెండు మూడు నెలలకొకసారైనా ఒంటిమీదికి వచ్చేది. అందులోనూ శ్రావణం సరిగ్గా బూజు పట్టే కాలంలో వస్తుంది. కట్టి విడిచిన చీరను నీడపట్టున ఆరేసి, చెమట ఆరాక, మడత మార్చి పెట్టేవారు. ఇది చీర కోసం ఏర్పరచిన ఆచారమని నేను అనను. ఫలితం మాత్రం చీరకు దక్కింది. ఆ పనంతా ఆడవాళ్లు చేసిందే, కాబట్టే కాబోలు ఏ కథలోనూ చోటు దొరకలేదు.

అలాగని రేకుపెట్టెను నెత్తికెత్తుకోవడం లేదు. చెదలకీ ఎలుకలకీ బీరువా గట్టి అడ్డు. పూరిళ్లలో, మట్టి గోడల ఇళ్లలో అది నిజమైన మేలు. అమ్మమ్మల చీరలు నిలిచాయన్న మాటలోనూ ఒక చిక్కుంది. నిలిచినవే మనకు కనిపిస్తున్నాయి. చిరిగినవి బొంతలయ్యాయి, జరీచీరలు ఎన్నో వెండి కోసం కాలిపోయాయి, స్టీలు గిన్నెలకు మారిపోయాయి. మిగిలిన నాలుగింటిని చూసి ఆ కాలాన్నంతటినీ మెచ్చుకోలేం. వేపాకు మహిమ మీద కూడా నాకంత నమ్మకం లేదు. కొత్త ఆకు వేయడానికి పెట్టె తెరిచేవారు, ఆ తెరవడమే ఎక్కువ పని చేసి ఉండాలి.

తర్వాత నాఫ్తలీన్ ఉండలు వచ్చి తెరిచే అవసరమే లేదన్న భరోసా ఇచ్చాయి. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పసిపిల్లలకు ఆ ఆవిరి ప్రమాదం, రక్తకణాలు విచ్ఛిన్నమవుతాయి. యూరోపియన్ యూనియన్ 2008లో వాటి అమ్మకం నిషేధించింది. మన బీరువాల్లో ఇంకా దొర్లుతూనే ఉన్నాయి, ఆ చీరల్లోనే బాలింతలు పిల్లల్ని ఎత్తుకుంటున్నారు.

ఇప్పటి పరిస్థితి నాకు తృప్తినివ్వడం లేదు. చీరలు ఎప్పటికన్నా ఎక్కువున్నాయి, కట్టే రోజులు తగ్గాయి. జిప్పు సంచులు, గుడ్డలా కనిపించే పాలీప్రొపిలీన్ కవర్లు, గాలి పీల్చేసే సంచులు చీరను కంటికి కనబడనివ్వవు, కదలనివ్వవు. బరువైన జరీచీరను హ్యాంగరుకి వేస్తే దాని బరువంతా ఒక్క మడత మీదే పడుతుంది. కుచ్చిళ్లు పెట్టి ఇస్త్రీ చేసిచ్చే బాక్స్ ఫోల్డింగు పెళ్లిరోజుకి సౌకర్యమే. నెలల తరబడి అలాగే ఉంచితే ప్రతి కుచ్చీ జరీ విరిగే ఒక గీత. అద్దాల తలుపుల వార్డ్‌రోబుల్లో రంగుల వారీగా సర్దిన వరస చూడ్డానికి బాగుంటుంది. గద్వాల నూలు చీరకి, దాని పట్టు అంచుకి వేర్వేరు జాగ్రత్తలు కావాలని ఆ వరస చెప్పదు.

ఆప్కో దుకాణాలు, చేనేత సహకార సంఘాలు ఇక్కడ చేయగలిగింది చాలా ఉంది. వేలు పోసి కొన్న చీరతోపాటు గంజి లేని తెల్ల నూలుగుడ్డ ఒకటి చుట్టి ఇవ్వవచ్చు. మగ్గం వాళ్లదే, గుడ్డా వాళ్లదే. దాంతో రెండు వాక్యాల చీటీ పెడితే చాలు: రెండు నెలలకొకసారి తీసి మడత మార్చండి, రబ్బరు బ్యాండు వేయకండి. వల్కనైజు చేసిన రబ్బరులో గంధకం ఉంటుంది, వెండి జరీకి అది పడదు.